కొత్త ఇంజన్ మొదటి గంట: ఆముదం నుంచి ఏబీసీ దాకా



మీ ఇంట్లో కొత్త ఫోన్ కొన్న రోజు ఒకసారి గుర్తు తెచ్చుకోండి. పెట్టె విప్పీ విప్పకముందే మామయ్యో బాబాయో ఎవరో ఒకరు అనే ఉంటారు: "ఇప్పుడే ఆన్ చెయ్యకురా, ముందు 8 గంటలు ఛార్జింగ్ పెట్టు, లేకపోతే బ్యాటరీ పోతుంది." మీరు లోపల నవ్వుకుని ఉంటారు. కానీ ఆయన కల్పించి చెప్పలేదు. 1990ల్లో ఫోన్లలో నికెల్ బ్యాటరీలు ఉండేవి. మొదటిసారి వాటిని గంటల తరబడి ఛార్జ్ చెయ్యమని మాన్యువల్‌లోనే రాసేవాళ్లు. తర్వాత లిథియం అయాన్ బ్యాటరీలు వచ్చి ఆ అవసరం పోయింది. ఆ సంగతి మామయ్యకు ఎవరూ చెప్పలేదు, అంతే.

ఇవాళ్టి ఎపిసోడ్ ఫోన్ గురించి కాదు. అరచేతిలో పట్టేంత ఒక చిన్న ఇంజన్ గురించి. మోడల్ విమానాలకు పెట్టే ఇంజన్. కొత్త ఇంజన్‌ను మొదటి గంట ఎలా నడపాలి? దీన్నే బ్రేక్ ఇన్ అంటారు, రన్నింగ్ ఇన్ అని కూడా అంటారు. మన మెకానిక్‌ల భాషలో అయితే "ఇంజన్ సెట్ అవ్వడం". ఈ ఒక్క గంటకు ఒక చరిత్ర ఉంది. ఆ చరిత్ర తెలియక నేనొక ఇంజన్ పాడు చేశాను, ఒక పెద్దాయన్ని పదిమందిలో మాట అన్నాను. అందుకే ఈ కథ చెప్పాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను.

మొదట నా సంగతి సగం చెప్తాను. మిగతా సగం చివర్లో.

నేను కాలేజీలో ఉన్నప్పుడు మాకొక ఏరోమోడలింగ్ బృందం ఉండేది. పద్నాలుగు మందిమి. మాకు నేర్పడానికి ఒక మాస్టారు వచ్చేవారు, అప్పటికే రిటైరయ్యారు. ఆదివారం పొద్దున్నే పాత స్కూటర్ మీద ఒక ట్రంకుపెట్టె కట్టుకుని గ్రౌండుకు వచ్చేవారు. ఆ పెట్టెలో పానాలు, స్క్రూడ్రైవర్లు, దూది, ఒక ఆముదం సీసా, ఒక నోటుబుక్కు. మేం తలా కొంత వేసుకుని కొత్త ఇంజన్ కొన్నాం. 7.5 సీసీ. ఆ రోజుల్లో మాకది బంగారం. మాస్టారు నోటుబుక్కు తీసి ఒక పేజీ చూపించారు. అందులో నీలం సిరాతో ఇలా ఉంది: "కొత్త ఇంజన్: మొదటి 20 ట్యాంకులు ఆయిల్ బాగా పట్టించి, చల్లగా, నెమ్మదిగా. తొందరపడితే పోయినట్టే."

సరే అన్నాం. ఆ 20 ట్యాంకులు అక్షరాలా పాటించాం. ఏమైందో చెప్పే ముందు అసలు ఆ మాట ఎక్కడ పుట్టిందో చూద్దాం.

కొత్త ఇంజన్‌ను సెట్ చెయ్యడం అంటే ఏంటి? మన ఇళ్లలో కొత్త రోలు తెస్తే అందులో వెంటనే పచ్చడి నూరరు. ముందు ఊకో తవుడో బియ్యమో వేసి రుబ్బి పారబోస్తారు. ఉలి దెబ్బలకు లేచిన రాతిపొడి, గరుకు మొనలు పోవాలి కాబట్టి. అలా రెండు మూడు సార్లు చేశాక రోలూ పొత్రమూ ఒకదానికొకటి అలవాటు పడతాయి. ఇంజన్‌లో సిలిండర్, పిస్టన్ కూడా అంతే. చేత్తో తడిమితే అద్దంలా ఉంటాయి. మైక్రోస్కోప్ కింద పెడితే కొండలు, లోయలు. మొదటిసారి తిరిగినప్పుడు ఆ కొండల కొసలు ఒకదానికొకటి తగిలి అరిగిపోతాయి. ఆ అరుగుదల మెల్లగా జరిగితే రెండు లోహాలూ జత కుదురుతాయి. ఒక్కసారిగా వేడెక్కితే ఆ కొసలు ఒకదానికొకటి అతుక్కుని గీసుకుపోతాయి. అప్పుడే "ఇంజన్ పట్టేసింది" అంటాం.

చిన్న ఇంజన్‌లో ఇది మరీ సున్నితం. ఎందుకంటే అది నిమిషానికి 12,000 చుట్లు తిరుగుతుంది. అంటే సెకనుకు 200 సార్లు పిస్టన్ పైకి వెళ్లి కిందికి వస్తుంది. పైగా చాలా మోడల్ ఇంజన్లలో పిస్టన్‌కు రింగులు ఉండవు. బైక్ ఇంజన్‌లో పిస్టన్‌కూ సిలిండర్‌కూ మధ్య సందును రింగులు మూస్తాయి. ఇక్కడ ఆ పని పిస్టనే చెయ్యాలి. అందుకని రెంటినీ మైక్రాన్ల లెక్కలో బిగువుగా చేస్తారు. మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు. మన తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. ఈ సందు అందులో చిన్న వాటా.

ఇప్పుడు కాస్త వెనక్కి వెళ్దాం.

ఇంజన్‌తో ఎగిరిన మోడల్ విమానాలు మనిషి ఎక్కిన విమానం కంటే ముందే వచ్చాయి. 1896 మే 6న అమెరికాలో శామ్యూల్ లాంగ్లీ ఆవిరి ఇంజన్ పెట్టిన మోడల్‌ను పొటోమాక్ నది మీద ఎగరేశాడు. అది సుమారు కిలోమీటరు దూరం వెళ్లింది. 1901లో పెట్రోల్ ఇంజన్ పెట్టిన చిన్న మోడల్‌నూ ఎగరేశాడు. రైట్ సోదరులు ఎగిరింది 1903లో అని మీకు తెలుసు కదా. తర్వాత 1914లో ఇంగ్లండ్‌లో డేవిడ్ స్టాంగర్ అనే ఆయన పెట్రోల్ మోడల్‌ను 51 సెకన్లు గాల్లో నిలబెట్టాడు. 51 సెకన్లే! కానీ ఆ రికార్డు 1932 దాకా ఎవరూ దాటలేదు. ఎందుకు? చిన్న ఇంజన్ చెయ్యడం అంత కష్టం. ప్రతి ఇంజనూ ఎవరో ఒక పనివాడు తన లేత్ మీద నెలల తరబడి కూర్చుని చేసుకున్నదే.

దీన్ని మార్చింది ఫిలడెల్ఫియా కుర్రాళ్లు. బిల్ బ్రౌన్ సుమారు 10 సీసీ ఇంజన్ ఒకటి తయారు చేశాడు. అతని స్నేహితుడు మాక్స్‌వెల్ బాసెట్ దాన్ని తన మోడల్‌కు పెట్టి 1933లో అమెరికా జాతీయ పోటీలకు తీసుకెళ్లాడు. అప్పటిదాకా ఆ పోటీలన్నీ రబ్బరు బ్యాండు మెలిపెట్టి ఎగరేసే మోడళ్లవి. బాసెట్ మోడల్ ముందు అవి నిలవలేకపోయాయి. ఆ తర్వాత ఇంజన్ మోడళ్లకు వేరే తరగతి పెట్టాల్సి వచ్చింది. బ్రౌన్ జూనియర్ అనే పేరుతో ఆ ఇంజన్ 1934 నుంచి అమ్మకానికి వచ్చింది. అప్పటి నుంచే ఇంజన్ అనేది చేసుకునే వస్తువు నుంచి కొనుక్కునే వస్తువుగా మారింది.

ఇక్కడే అసలు సమస్య మొదలైంది. తన చేత్తో చేసుకున్నవాడికి దాని బిగువు ఎక్కడుందో తెలుసు. కొనుక్కున్న పదహారేళ్ల కుర్రాడికి ఏం తెలుస్తుంది? పెట్టె విప్పగానే ఫుల్ స్పీడ్‌లో తిప్పాలనిపిస్తుంది. అందుకే కొత్త ఇంజన్‌ను మొదట్లో ఎలా చూసుకోవాలో కాగితం మీద రాసి చెప్పాల్సిన అవసరం పుట్టింది.

ఇప్పుడు ఆముదం సంగతి. ఇది వినడానికి తమాషాగా ఉంటుంది గానీ, మోడల్ ఇంజన్ల చరిత్రలో సగం ఆముదమే.

పారిస్‌లో సెగాఁ సోదరులు 1909 ప్రాంతంలో నోమ్ అనే రోటరీ ఇంజన్ తెచ్చారు. అందులో సిలిండర్లన్నీ ప్రొపెల్లర్‌తో పాటు గిరగిరా తిరుగుతాయి. పెట్రోల్ ఆవిరి ఇంజన్ కడుపులోంచే వెళ్తుంది. మామూలు మినరల్ ఆయిల్ పోస్తే పెట్రోల్ దాన్ని కడిగేస్తుంది. ఆముదం పెట్రోల్‌లో సరిగ్గా కరగదు. అందుకని లోహాన్ని పట్టుకుని ఉంటుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో వేల రోటరీ ఇంజన్లు ఆముదంతోనే తిరిగాయి. పోసిన నూనె మళ్లీ ట్యాంకుకు తిరిగి రాదు. ఎగ్జాస్ట్‌తో పాటు బయటికి చిమ్మేస్తుంది. ఎదురుగా కూర్చున్న పైలట్ ముఖం మీదా, ముక్కులోకీ, నోట్లోకీ వెళ్తుంది. ఆముదం కడుపులోకి వెళ్తే ఏమవుతుందో మన నాయనమ్మలకు బాగా తెలుసు. "ఆముదం తాగిన మొహం" అని మనం ఊరికే అంటాం, వాళ్లు నిజంగానే తాగుతూ యుద్ధం చేశారు. 1917లో రాయల్ ఫ్లయింగ్ కోర్‌లో సాప్‌విత్ క్యామెల్ నడిపిన మన దేశపు పైలట్ హర్‌దిత్ సింగ్ మాలిక్ కూర్చున్నదీ అలాంటి రోటరీ ఇంజన్ వెనకే.

పెట్రోల్ బంకుల దగ్గర, మెకానిక్ షెడ్ల మీద క్యాస్ట్రాల్ అనే బోర్డు చూసే ఉంటారు. 1909లో చార్లెస్ వేక్‌ఫీల్డ్ కంపెనీ ఆ పేరు పెట్టింది క్యాస్టర్ ఆయిల్ నుంచే. అంటే ఆ బోర్డు మీద ఉన్నది మన ఆముదమే.

మనకైతే ఇందులో కొత్తేం లేదు. ఎడ్లబండి ఇరుసుకు వేసే కందెన ఏంటి? ఆముదంలో కాల్చిన గడ్డి మసి కలిపిన ముద్ద. పాలమూరు, నల్లగొండ మెట్ట పొలాల్లో ఆముదం పంట పాతదే. నిజాం కాలంలోనే అది దేశంలో ఆముదం బాగా పండే ప్రాంతాల్లో ఒకటి. ఇరుసుకు పనికొచ్చిన నూనె విమానానికీ పనికొచ్చింది.

పెద్ద విమానాల్లో రోటరీ ఇంజన్ల కాలం యుద్ధంతో దాదాపు ముగిసింది. ఆముదం మాత్రం మోడల్ విమానాల్లోకి వచ్చి స్థిరపడింది. దానికి ముఖ్య కారణం 1947. బ్రౌన్ జూనియర్ లాంటి ఇంజన్లకు స్పార్క్ ప్లగ్ ఉండేది. స్పార్క్ కావాలంటే బ్యాటరీ, కాయిల్, కండెన్సర్, పాయింట్లు అన్నీ విమానం మొయ్యాలి. 1947లో రే ఆర్డెన్ అనే అమెరికన్ గ్లో ప్లగ్‌ను మార్కెట్లోకి తెచ్చాడు. చిన్న ప్లాటినం తీగ చుట్ట. మొదట బ్యాటరీతో దాన్ని ఎర్రగా కాల్చి ఇంజన్ స్టార్ట్ చేస్తాం. తర్వాత బ్యాటరీ తీసేస్తాం. మెథనాల్ ఆవిరి ప్లాటినంకు తగులుతుంటే ఆ తీగ తనంతట తానే ఎర్రగా ఉంటుంది. మోసే బరువంతా ఒక్కసారిగా పోయింది.

ఇంధనం మెథనాల్ కావడంతో ఆముదానికి మళ్లీ పిలుపు వచ్చింది. ఆముదం మెథనాల్‌లో చక్కగా కలుస్తుంది. ఆముదంలో దాదాపు 90 శాతం రిసినోలిక్ ఆమ్లం, అందులో ఉండే ఓహెచ్ గుంపు వల్లే ఆ కలయిక. ఇంకో గుణం కూడా ఉంది. వేడి హద్దు దాటితే చాలా నూనెలు పలచబడి చేతులెత్తేస్తాయి. ఆముదం లోహం మీద జిగురుగా, వార్నిష్‌లా ఒక పొర కడుతుంది. ఇంజన్ చివరి క్షణంలో కూడా ఆ పొర లోహాన్ని కాపాడుతుంది.

అదే కాలంలో యూరప్‌లో ఇంకో దారి నడిచింది. వాళ్లు డీజిల్ అని పిలుచుకున్న మోడల్ ఇంజన్. దీనికి ప్లగ్గే లేదు. పైన ఒక స్క్రూ తిప్పి కంప్రెషన్ పెంచితే ఇంధనం దానంతటదే మండుతుంది. ఇంధనం ఏంటంటే ఈథర్, కిరోసిన్, ఆముదం, ఇంచుమించు సమానంగా. ఇంగ్లండ్‌లో వోకింగ్‌లోని మిల్స్ కంపెనీ 1946లో తెచ్చిన 1.3 సీసీ డీజిల్ ఎంతో పేరు తెచ్చుకుంది. తర్వాతి కాలంలో మిల్స్ నమూనాల నకళ్లు మన కలకత్తాలో తయారయ్యాయి. విదేశీ సరుకు దిగుమతి చేసుకోవడం కష్టమైన ఆ రోజుల్లో మన కుర్రాళ్లకు అందుబాటులో ఉన్న ఇంజన్లు అవే. మా మాస్టారి మొదటి ఇంజన్ కూడా కలకత్తాదే.

ఇప్పుడు ఆ నోటుబుక్కు మాటకు అర్థం తెలుస్తుంది, వినండి.

ఆ కాలపు ఇంజన్లలో ఎక్కువగా పిస్టన్ పోత ఇనుము, సిలిండర్ ఉక్కు. అల్యూమినియం తేలిక కదా, దాన్నే పిస్టన్‌గా ఎందుకు పెట్టలేదు? లెక్క చూడండి. 20 మిల్లీమీటర్ల బోరు ఉందనుకుందాం. 150 డిగ్రీలు వేడెక్కితే ఉక్కు సిలిండర్ సుమారు 36 మైక్రాన్లు వెడల్పవుతుంది. మామూలు అల్యూమినియం పిస్టన్ సుమారు 69 మైక్రాన్లు ఉబ్బుతుంది. చల్లగా ఉన్నప్పుడు సరిగ్గా పట్టిన పిస్టన్ వేడెక్కగానే సిలిండర్ కంటే పెద్దదైపోతుంది, ఇరుక్కుంటుంది. అదే పిస్టన్ కూడా ఇనుమైతే రెండూ దాదాపు ఒకేలా ఉబ్బుతాయి. కాబట్టి రింగులు లేకుండా నడవాలంటే ఇనుము, ఉక్కు జతే దారి.

కానీ ఆ జతలోనూ ఒక చిక్కుంది. మంట తగిలేది ముందు పిస్టన్‌కే. సిలిండర్‌కు బయట గాలి తగులుతుంది. పిస్టన్ ఎక్కువ వేడెక్కి ఎక్కువ ఉబ్బుతుంది. సందు మాయమవుతుంది. కొత్త ఇంజన్‌లో కొండల కొసలు ఇంకా అరగలేదు కాబట్టి ప్రమాదం మరీ ఎక్కువ. అందుకే ఆ ఇంజన్లకు మొదటి గంట ఇలా ఉండేది: పెద్ద ప్రొపెల్లర్, సూది బాగా విప్పి ఇంధనం ఎక్కువ పోయే మిక్చర్. అలా పెడితే గ్లో ఇంజన్ ప్రతి చుట్టుకూ మండకుండా చుట్టు విడిచి చుట్టు మండుతుంది, గొంతు బొంగురు పోతుంది, పొగ ఎక్కువొస్తుంది, ఇంజన్ చల్లగా ఉంటుంది. రెండు నిమిషాలు తిప్పడం, ఆపి పూర్తిగా చల్లారనివ్వడం, మళ్లీ తిప్పడం. ఎగ్జాస్ట్ దగ్గర కారే నూనె మొదట నల్లగా ఉంటుంది. అది అరిగిన లోహపు పొడి. నూనె రంగు తేలిపోయేసరికి ఇంజన్ దారికొచ్చినట్టు.

అంటే "ఆయిల్ బాగా పట్టించి, చల్లగా, నెమ్మదిగా" అనేది చాదస్తం కాదు. ఇనుప పిస్టన్‌కు అది నూటికి నూరుపాళ్లు సరైన మాట. ఆ మాట విననివాళ్ల ఇంజన్లు పట్టేశాయి కూడా.

తర్వాత 1960లు వచ్చాయి. తాడు కట్టి గుండ్రంగా తిప్పే స్పీడ్ పోటీల్లో సెకనులో వందో వంతు కోసం కొట్టుకునేవాళ్లు. ఆ పోటీల్లో ప్రపంచ ఛాంపియన్‌గా నిలిచిన అమెరికన్ బిల్ విస్నియెస్కీ పేరు ఇక్కడ చెప్పాలి. కొత్త లోహాల జత ఒకటి ఆయన చేతుల్లోంచి వచ్చింది. పేరు ఏబీసీ. ఏ అంటే అల్యూమినియం పిస్టన్, బీ అంటే బ్రాస్, మన ఇత్తడి సిలిండర్, సీ అంటే ఆ ఇత్తడి లోపల క్రోమియం పూత. పిస్టన్‌కు వాడేది మామూలు అల్యూమినియం కాదు, సిలికాన్ ఎక్కువగా కలిపినది. అది తక్కువ ఉబ్బుతుంది.

మళ్లీ అదే లెక్క వేద్దాం. 20 మిల్లీమీటర్లు, 150 డిగ్రీలు. ఇత్తడి సుమారు 57 మైక్రాన్లు పెరుగుతుంది. సిలికాన్ అల్యూమినియం సుమారు 52. చూశారా, ఇప్పుడు సిలిండర్ పిస్టన్ కంటే ఎక్కువ పెరుగుతోంది! ఇనుప ఇంజన్ వేడెక్కితే బిగుస్తుంది. ఏబీసీ ఇంజన్ వేడెక్కితే వదులవుతుంది.

మరి వదులైతే కంప్రెషన్ పోదా? పోకుండా తయారీలోనే జాగ్రత్త తీసుకుంటారు. సిలిండర్‌ను పైకి వెళ్లేకొద్దీ కాస్త సన్నగా చేస్తారు. చల్లగా ఉన్నప్పుడు ప్రొపెల్లర్‌ను చేత్తో తిప్పితే పిస్టన్ పైకొచ్చే చోట గట్టిగా పట్టుకుంటుంది, "టక్" మని దాటుతుంది. ఒక్కోసారి పాడైందేమో అనిపించేంత బిగువు. దాన్ని పించ్ అంటారు. ఇంజన్ సరైన వేడికి వచ్చినప్పుడు ఇత్తడి సాగి ఆ పించ్ సరిగ్గా కావలసినంత సందుగా మారుతుంది. అంటే ఆ ఇంజన్‌ను చేసింది వేడిలో నడవడానికే. చల్లటి ఇంజన్‌లో కొలతలు ఇంకా కుదరనే లేదు.

ఇప్పుడు ఆ ఇంజన్‌ను పాత పద్ధతిలో పెద్ద ప్రొపెల్లర్‌తో, ఇంధనం ఎక్కువ పోసి, చల్లగా, గంటల తరబడి తిప్పారనుకోండి. ఇత్తడి సాగదు. పైకొచ్చిన ప్రతిసారీ పిస్టన్ ఆ పించ్‌కు గుద్దుకుంటుంది. పిస్టన్ అంచు అరుగుతుంది, కనెక్టింగ్ రాడ్ మీద దెబ్బ పడుతుంది. అందుకే ఏబీసీ ఇంజన్‌కు మొదటి గంట పూర్తిగా వేరు: చిన్న ప్రొపెల్లర్, మిక్చర్ కాస్త మాత్రమే రిచ్, స్టార్ట్ అయిన కొన్ని సెకన్లకే వేడెక్కి వేగంగా తిరగాలి. ఒక్కో రన్ ఒకటి రెండు నిమిషాలు. మధ్యలో చల్లారనివ్వడం. కొన్ని ట్యాంకులు అవగానే గాల్లోకి.

ఇక నా కథ మిగతా సగం.

మేం కొన్నది ఏబీసీ ఇంజన్. ఆ సంగతి పెట్టె మీదే ఉంది. మాలో ఎవరికీ ఆ మూడు అక్షరాల అర్థం తెలియదు. రెండు ఆదివారాలు, 20 ట్యాంకులు, ఒక్కో ట్యాంకు 12 నిమిషాలు. నిమిషానికి సుమారు 6,000 చుట్లు. ఎంతైంది? 14 లక్షల సార్లకు పైగా ఆ పిస్టన్ చల్లటి పించ్‌కు గుద్దుకుంది. మధ్యమధ్యలో ఇంజన్ మీద చెయ్యి పెట్టి చూసేవాళ్లం. గోరువెచ్చగా ఉంది. "చూశారా, ఎంత చల్లగా నడుస్తోందో!" అని మురిసిపోయాం. చివరికి ప్రొపెల్లర్ తిప్పితే ఆ "టక్" లేదు, మెత్తగా తిరుగుతోంది. "సెట్ అయిపోయింది మాస్టారూ!" అని అరిచాం. నిజానికి అప్పటికే మా ఇంజన్ సగం వయసు అయిపోయింది.

పోటీ రోజున విమానం లేచింది. పది సెకన్లు బాగానే ఎక్కింది. ఇంజన్ వేడెక్కేసరికి కంప్రెషన్ పట్టు తప్పి గొంతు పడిపోయింది, ఆగిపోయింది. విమానం ముక్కు కిందికి పెట్టి నేలకు కొట్టుకుంది. మూడు నెలలు బల్సా చెక్క కోసి, కాగితం అంటించి చేసిన విమానం. నేను ముక్కలు ఏరుతూ అందరి ముందూ అన్నాను: "మీ నోటుబుక్కు వల్లే పోయింది మాస్టారూ." ఆయన మాట్లాడలేదు. ట్రంకుపెట్టె స్కూటర్‌కు కట్టుకుని వెళ్లిపోయారు. తర్వాతి ఆదివారం రాలేదు. ఆ తర్వాతా రాలేదు.

కొన్నేళ్ల తర్వాత ఇల్లు మారుతుంటే ఆ ఇంజన్ పెట్టె దొరికింది. అడుగున మడతపెట్టిన కాగితం ఒకటి, ఎప్పుడూ విప్పనిది. అందులో ఉంది మొత్తం: చిన్న ప్రొపెల్లర్ వాడండి, ఎక్కువసేపు చల్లగా, మరీ రిచ్‌గా నడపకండి. పెట్టె విప్పింది నేనే. కాగితం పక్కన పడేసి నోటుబుక్కు చూసిందీ నేనే.

మాస్టారింటికి వెళ్లాను. నన్ను గుర్తుపట్టారు. ఆ కాగితం చూపించి ఏబీసీ సంగతంతా చెప్పాను. అంతా విని లోపలికి వెళ్లి ఒక తగరపు డబ్బా తెచ్చారు. అందులో చిన్న ఇనుప పిస్టన్, ఒక పక్కంతా నిలువు గీతలు. "కాలేజీ రోజుల్లో స్కాలర్‌షిప్ డబ్బులతో కొన్నాను రా. మొదటి రోజే కంప్రెషన్ స్క్రూ బిగించి ఫుల్‌గా లాగాను. అరగంటలో పట్టేసింది. మళ్లీ ఇంజన్ కొనడానికి రెండేళ్లు పట్టింది. ఆ రాత్రే నోటుబుక్కులో ఆ మాట రాసుకున్నా" అన్నారు. కాసేపాగి, "ఆ మాట దీనిది. మీ ఇంజన్‌ది కాదు. నాకు మాత్రం అప్పుడేం తెలుసు?" అన్నారు.

"ఆ రోజు అలా అనకుండా ఉండాల్సింది మాస్టారూ" అన్నాను. "ముందు కాఫీ తాగు, చల్లారిపోతుంది" అన్నారు.

మాస్టారి మాట తప్పు కాదు, నా తొందరపాటు మాత్రం తప్పు. ఆ మాట పుట్టినప్పుడు అందులో ఒక పిస్టన్ ఉంది, ఒక కుర్రాడి రెండేళ్లు ఉన్నాయి. మాట మా దాకా వచ్చింది గానీ అందులోని లోహం ఇనుము అన్న సంగతి రాలేదు. ఆయన రాసుకున్నప్పుడు "ఇనుప పిస్టన్‌కు" అనే ఒక్క ముక్క చేర్చి ఉంటే చాలేది. కానీ అప్పుడు ఆయనకు తెలిసిన ఇంజన్లన్నీ ఇనుపవే, ఇంకో రకం వస్తుందని ఎలా అనుకుంటారు?

ఇప్పుడు మీలో చాలామంది ఎగరేసేవి బ్యాటరీ మోటార్ డ్రోన్లు. వాటికి ఈ మొదటి గంట గొడవే లేదు. కానీ ఎవరి చేతికైనా గ్లో ఇంజన్ వస్తే మూడు పనులు చెయ్యండి. ముందు అది ఇనుప పిస్టనా, రింగులున్నదా, ఏబీసీయా కనుక్కోండి. రెండు, పెట్టెలోని కాగితం పూర్తిగా చదవండి. మూడు, మెథనాల్ విషం, దాని మంట పగటి వెలుతురులో కంటికి కనబడదు, తిరిగే ప్రొపెల్లర్ వేళ్లు తెంపుతుంది. కాబట్టి తెలిసినవాళ్లు పక్కన లేకుండా ముట్టుకోకండి. కొత్త బైక్ కొన్నా అంతే. మొదటి వెయ్యి కిలోమీటర్లు ఎలా నడపాలో పక్కింటి అంకుల్ చెప్తారు, మీ బండి మాన్యువల్ కూడా చెప్తుంది. ఇద్దరి మాటా వినండి. తేడా వస్తే అంకుల్‌ను వెక్కిరించకండి. "అంకుల్, మీరు నడిపిన బండి ఏది?" అని అడగండి. దాని వెనక ఒక మంచి కథ ఉంటుంది.

మాస్టారు ఇప్పుడు లేరు. ఆ తగరపు డబ్బా నాకే ఇచ్చారు. ఈ వీడియోలో నా వెనక అలమరలో రెండో అరలో కనిపిస్తున్నది అదే. దాని పక్కనే మా ఏబీసీ ఇంజన్ ఉంది. ప్రొపెల్లర్ తిప్పితే ఇప్పటికీ మెత్తగా తిరుగుతుంది, ఆ "టక్" మాత్రం లేదు.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.